కొమురవ్వ ఇంటికి పోయే గాలి

రోహిణి కార్తె, సోమవారం

పొద్దున గాలి: ఒక బారు. మీటరు ముల్లు నిలకడగా ఉంది.

ఇన్నేళ్లూ ఈ చోట ఆరు అని రాసేవాణ్ణి. ఈ రోజు కూడా చెయ్యి అలవాటుగా ఆరు వైపే తిరిగింది. కొట్టేసి ఒకటి వేశాను.

గనిలోకి గాలి తెచ్చే పెద్ద లైను ముసలిదైంది. నిరుడు ఐదో లెవెల్‌లో పగిలి ముగ్గురికి వినికిడి పోయింది. ఇకమీదట అన్ని లెవెల్స్‌కూ ఒక్క బారు ఒత్తిడితోనే గాలి వస్తుందని, దానికి తగిన వాల్వులు ఎవరి తలుపులకు వాళ్లే ఎంచుకుని బిగించుకోవాలని పైనుంచి కబురు. గడువు మృగశిర. అంటే పైన వానలు దిగేలోపు.

భూమి కింద మేముండే ఏడో లెవెల్‌లో గాలితో నడిచే తలుపు ఒక్కటే. దాని అవతల గోఫ్ ఉంది. తాతల కాలంలో బొగ్గంతా తీసేసి వదిలిన బోలు అది. మామూలు రోజుల్లో మా వీధిలో వాడిన గాలి ఆ దారినే బయటికి పోవాలి కాబట్టి తలుపు తెరిచి ఉంటుంది. పైన వాయుగుండం పట్టి గాలి బరువు తగ్గిందంటే గోఫ్ ఊపిరి విడుస్తుంది. అప్పుడు దాని కడుపులోని గ్యాసు వీధిలోకి వస్తుంది. ఆ గ్యాసు మూలంగానే మా లెవెల్‌కు కరెంటు తీగలు రావు. అది వీధిలోకి రాకముందే తలుపు మూతపడాలి.

ఈ రోజు తాడు లాగి చూశాను. పాత వాల్వు పూర్తిగా మారలేదు. ఆ వాల్వు దొరలాంటిది, తన పని తాను చేసుకోదు. తాడు లాగితే లోపల ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది, ఆ గాలి పోయి పెద్ద కడ్డీని నెడుతుంది. రెండున్నర బార్లు లేకపోతే ఆ కడ్డీకి లేచే ఓపిక ఉండదు. ఈ రోజు సగం లేచి మధ్యలో కూర్చుంది. గాలి రెండు వైపులా బుస్సుమంటూ పోయింది.

ఇంటికి వచ్చేసరికి నా భార్య ఈశ్వరి గిన్నె ముందు పెట్టి అడిగింది.

"ఏమైంది, మొఖం గట్ల పెట్టినవ్?"

"వాల్వు లేస్తలేదు."

"ఎవరింటి వాల్వు మరి. నువ్వు లేస్తున్నవా పిలవంగనే?"

గిన్నె దగ్గరికి లాక్కున్నాను. మృగశిర నాటికి తలుపు పరీక్షకు నిలవకపోతే మా నలభై ఇళ్లను ఖాళీ చేయించి తలా ఒక లెవెల్‌కు పంపుతారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. రెండో ముద్ద అడగకుండానే పెట్టింది.

రోహిణి కార్తె, బుధవారం

పొద్దున గాలి: ఒక బారు.

ఆరో లెవెల్ స్టోరుకు పోయాను. స్టోరు చూసే రాజలింగు గోనెసంచి మీద వాల్వులు వరసగా పేర్చి కూర్చున్నాడు.

"రా ఓదెలన్నా. నీకోసం సంబంధాలు చూసి పెట్టిన. పిల్ల నచ్చిందంటే తాంబూలాలు మార్చుకునుడే."

మొదటిది తళతళలాడుతోంది. పేరుపలక మీద కనీస ఒత్తిడి రెండు అని ఉంది. పక్కన పెట్టాను.

"గంత అందాన్ని చూడనన్న చూడవేందే?"

"అది కూడా తన గాలితోనే తను లేసే రకం. మా ఇంట్ల అన్నం చాలదు దానికి."

రెండోది ఇనుములో ఇనుము జారే రకం. వేలితో తోస్తే వెన్నలా కదిలింది. మనసు పోయింది దాని మీద. మూతి దగ్గర పెట్టుకుని ఊదుతూ రెండో కొసకు కుంకుడు నురుగు రాశాను. బుడగలు లేచాయి. రబ్బరు లేని వాల్వుకు అది పుట్టుగుణం, ఎంత నున్నగా తీసినా సన్నని సందు ఉంటుంది.

"అది లీకు కాదన్నా. ఊపిరి తీసుకుంటుంది."

"ఊరికే పోయే గాలికి మా వీధిల జవాబు చెప్పేది నేను."

మధ్యలో ఆగే వాల్వు ఒకటి చూపించాడు. తలుపు సగంలో ఆగవలసిన అవసరం మాకు లేదు. ఉంటే తెరిచి ఉండాలి, లేకపోతే మూసి ఉండాలి.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి నాలుగు రంధ్రాలది, చేతిపిడితో బిళ్ల తిరిగే రకం. గట్టిది. రాజలింగు దాన్నే తీసుకొమ్మని పట్టుపట్టాడు.

"లెక్క చూడు. తలుపు నూకే సిలిండర్‌కు ఇటు ఒకటి, అటు ఒకటి. గాలి వచ్చేది ఒకటి, పొయ్యేది ఒకటి. నాలుగు. అయిదోది ఎందుకే, ముక్కుపుడక లెక్కనా?"

ఇంకొకటి అయిదు రంధ్రాలది. తాడుతో నేరుగా కడ్డీనే లాగే వాల్వు. లాగిన చోటనే ఉంటుంది, మళ్లీ లాగితే గాని మారదు. రంధ్రాల్లో నా బొటనవేలు పడుతుంది. ఒత్తిడి తక్కువైనప్పుడు దారి వెడల్పుగా ఉండాలి. రబ్బరు వలయాలు మాత్రం ఏళ్ల తరబడి వాడకపోవడంతో బిగుసుకున్నాయి. అవి మార్చుకోగలను. దీనిలో తలుపు తెరిచినప్పుడు పోయే గాలికి ఒక దారి, మూసినప్పుడు పోయే గాలికి మరో దారి. మూయడం పరుగుపని, తెరవడం నడకపని. రెండింటినీ ఒకే సందులో ఎందుకు తోయాలి అనిపించింది. అంతకు మించిన కారణం ఆ క్షణంలో లేదు.

దాన్నే తువ్వాలలో చుట్టుకున్నాను.

"ముక్కుపుడక పిల్లనే చేసుకున్నవ్" అన్నాడు రాజలింగు.

రోహిణి కార్తె, శుక్రవారం

పొద్దున గాలి: ఒక బారు.

తలుపును నెట్టే కొత్త సిలిండర్ పూర్తయింది. ఒత్తిడి ఆరోవంతుకు పడిపోతే అదే బలానికి లోపలి వైశాల్యం ఆరింతలు కావాలి. అంటే అడ్డం కొలత రెండున్నర రెట్లు. పాత సిలిండర్ నా మణికట్టంత ఉండేది, కొత్తది తొడంత లావు. పాడుబడిన బోరుబావి గొట్టం కోసి లోపల అద్దంలా గీకాను.

లోపల ఇటూ అటూ జారే ముషలకానికి రబ్బరు పెట్టలేదు. ఒక బారు గాలి రబ్బరు రాపిడికే సగం అలిసిపోతుంది. బోరింగు పంపుల్లో వేసే తోలు కప్పులు రెండు, వీపులు ఆనించి, ఆముదంలో నానబెట్టి బిగించాను. తోలు గాలి వచ్చినప్పుడు విచ్చుకుంటుంది, లేనప్పుడు సద్దుకుంటుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు బోరింగులు విప్పి బిగించి నేర్చుకున్నదే.

గొట్టం పడుకోబెట్టి కడ్డీని అరచేత్తో తోశాను. ఈ కొస నుంచి ఆ కొసకు నీటి మీద పడవలా పోయింది. అవతలి కొసలో నుంచి గాలి ఈశ్వరి ముంగురుల మీదికి కొట్టింది.

"బాగుంది" అంది. ఆమె నోట ఆ మాట వినడం కోసం ఇంకో రెండుసార్లు తోశాను.

రోహిణి కార్తె, ఆదివారం

పొద్దున గాలి: ఒక బారు.

పరీక్షకు ముందు మా పరీక్ష మేమే పెట్టుకున్నాం. వీధంతా వచ్చింది.

మా దగ్గర తలుపుకు గడియారం పెట్టరు. తాడు లాగిన మనిషి ఊపిరి బిగబట్టాలి. తలుపు చట్రం మీద కూర్చునే దాకా వదలకూడదు. ముందే వదిలితే ఆ తలుపు తలుపు కాదు. గ్యాసు వచ్చిన రోజున ఆ మనిషికి ఉండేది ఆ ఒక్క ఊపిరే. ఎవరి ఊపిరిలో తలుపు మూసుకుంటుందో వాళ్ల పేరు తెల్లరంగుతో దాని మీద రాస్తారు. మా తలుపు మీద మొండయ్య అని ఉంది. సామాను మొత్తం మారింది కాబట్టి కొత్త పేరు పడాలి.

తాడు నేనే పట్టుకున్నాను. ఆ పేరు నాదవుతుందని అనుకోలేదని రాస్తే అబద్ధం.

లాగాను. వాల్వు టక్కుమని మారింది. తలుపు ఎగిరి దూకినట్టు బయల్దేరింది. వీధిలో ఎవరో ఈల వేశారు. సగం దారికి వచ్చేసరికి మందగించింది. ఆ తర్వాత నెలలు నిండిన మనిషిలా అడుగులో అడుగు వేసింది. నా చెవులు మోగాయి. తలుపు ఇంకా బారెడు తెరిచి ఉండగానే నోరు తెరిచేశాను.

గుమ్మంలో కూర్చున్న ముసలి కొమురవ్వ కేక వేసింది.

"ఓదెలూ, సగం దారికి నా ఊపిరి పంపాల్నారా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని బాగా రాలేదు.

వాల్వు మీదే అనుమానం. విప్పి వలయాలు మళ్లీ మార్చాను, కొత్త గ్రీజు పెట్టాను. అంతే. రాజలింగును అడిగి ఇంకా పెద్ద రంధ్రాల వాల్వు తెచ్చి బిగించి చూశాను. అంతే. ఆ పెద్దది తీసి మళ్లీ నా వాల్వే పెట్టాను. దాని తప్పు లేదని నమ్మకం. రుజువు లేదు.

రోహిణి కార్తె, మంగళవారం

పొద్దున గాలి: ఒక బారు.

తలుపులు తనిఖీ చేసే తబస్సుమ్ మేడం వచ్చారు. అసలు పరీక్షకు ముందు అన్ని లెవెల్స్ ఒకసారి తిరుగుతారు. వయసులో నాకంటే చిన్న, పనిలో కాదు. సిలిండర్ చుట్టూ తిరిగి, తోలు కప్పుల సంగతి విని, కడ్డీని తనే ఒకసారి తోసి చూశారు.

"వాల్వు సరైనదే ఎంచుకున్నారు ఓదెలు గారూ. లోపలికి పోయే గాలిని బాగా చూసుకున్నారు. బయటికి వచ్చే గాలిని చూశారా?"

"దాన్ని చూసేదేముంది మేడం. అది కొమురవ్వ ఇంటికి పోతది."

ఆవిడ నా ముఖంలోకి చూశారు. నేను అప్పుడు విన్నాను నేనన్న మాటను.

వాల్వు బయటి రంధ్రం దగ్గర ముల్లు పెట్టి తాడు లాగించారు. ముల్లు ముప్పావు బారుకు ఎక్కి అక్కడే నిలబడింది.

"వెనక నుంచి ఒక బారు తోస్తోంది. ముందు నుంచి ముప్పావు ఆపుతోంది. మీ తలుపుకు మిగిలింది పావు. లైనులో ఆరు ఉన్నన్నాళ్లూ ఈ ముప్పావు ఎవరికి కనపడుతుంది? పైగా సిలిండర్ పెద్దదైంది, బయటికి పోవలసిన గాలీ పెరిగింది. గొట్టం మాత్రం పాతదే, వేలంత లావు, వీధి చివరిదాకా."

గొట్టం ఊడదీసి తాడు లాగమన్నారు. తలుపు చప్పట్లా మూసుకుంది. నా దగ్గర ఇంకా సగం ఊపిరి మిగిలే ఉంది.

"అయిపోయింది. సంతోషంగా లేరేం?"

చెప్పాను. మా లెవెల్ వేడి లెవెల్. వాల్వు విడిచే గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. మా దగ్గర వాల్వు విడిచిన గాలి ఏదీ ఊరికే పోదు, ప్రతి దానికీ ఒక ఇల్లు ఉంటుంది. కీళ్లు పట్టకుండా ఈ తలుపును గంట గంటకూ మూసి తెరుస్తాం. ఆ గాలి కొమురవ్వ ఇంటిది. ఒక వానాకాలం ఈ తలుపే మధ్యలో ఆగిపోతే ఆమె భర్త మొండయ్య వీపు ఆనించి దాన్ని మూసి, గ్యాసు వైపే ఉండిపోయాడు. తలుపు మీది పేరు ఆయనదే. ఆ రోజు నుంచి ఆ తలుపు గాలి ఆ ఇంటికే పోవాలని వీధి మాట ఇచ్చింది. వాల్వుకు ఆ గొట్టం ముఖానికి ముక్కులాంటిది. అది ఉందని మాలో ఎవరం చూడం.

మేడం ముల్లు విప్పి సంచిలో వేసుకున్నారు.

"నేను రాసేది తలుపు మూసుకుందా లేదా అన్నదే, ఓదెలు గారూ. గాలి ఎక్కడికి పోవాలో మీరే చూసుకోవాలి."

ఆవిడ వెళ్లాక గొట్టం మళ్లీ పెట్టేశాను.

రోహిణి కార్తె, బుధవారం

పొద్దున గాలి: ఒక బారు. ఇంకా మూడు రోజులకు మృగశిర.

కొమురవ్వ ఇంటికి పోయాను. గొట్టం కొస ఉయ్యాల మీద కట్టి ఉంది. ఉయ్యాలలో ఆమె మునిమనవరాలు నిద్రపోతోంది. వీధిలో పిల్లలందరి మెడలకూ చెమటకాయలే. ఈ పిల్ల మెడ మాత్రం నున్నగా ఉంది.

కొమురవ్వ అంబలి ఇచ్చింది. తాగాను. లేవబోయాను.

"గొట్టం కోస్తనని చెప్పనీకి వచ్చినవ్. అంబలి తాగి పోతున్నవ్" అంది.

"ఎవరు చెప్పిన్రు?"

"నిన్న తలుపు చప్పుడైంది, నాకు గాలి రాలే. ఎవరన్న చెప్పాల్నా? ఈ లైను మారినకాడ నుంచి గాలిల మునుపటి చల్లదనం గూడ లేదు. ముసలాయన లెక్క మెల్లగ మెల్లగ వస్తంది. కోసెయ్ బిడ్డా."

"కొయ్య."

"కొయ్యకపోతే నలభై ఇండ్లు ఏడికి పోతయిరా?"

"కోస్తే నేను ఏడ తలెత్తుకుంట అవ్వా?"

"నీ తల ఎత్తినా దించినా ఎవరు జూస్తున్నరు. ఎప్పుడు ఆ వాల్వులనే పెట్టుకుంటవ్."

ఇంతలో వీధి నల్లా వచ్చింది. నీళ్లు రోజుకు కాసేపే వదులుతారు. కొమురవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, గోలెం నల్లా కిందికి జరిపింది. నీళ్లు ధారగా పడి గోలెం చూస్తుండగానే నిండింది. నల్లా ఆగిపోయింది. ఆమె చెంబు ముంచి, ఒక గుక్కెడు తాగి, మిగతాది ఉయ్యాల కింద చల్లింది. ఆ గోలెం రేపటిదాకా వస్తుంది.

నేను అక్కడే నిలబడిపోయాను.

"ఏందిరా, నీళ్లెప్పుడు చూడలేదా?"

"అవ్వా, నీళ్లు ఎంత జోరుగ వచ్చినా గోలెం వద్దనదు. నువ్వేమో చెంబుతో మెల్లగ వాడుకుంటవ్. గాలికి గూడ గోలెం పెడితే?"

ఆమె చెంబు బోర్లించి ఆలోచించింది.

"గోలెం ముందుగాలనే గాలితో నిండుంటది గదరా. ఇంక ఏడ పడతది?"

నిజమే. గట్టి డబ్బా ఏది పెట్టినా అది కూడా ఎదురు తోస్తుంది. లోపల ఏమీ లేనిది కావాలి. నిండే దాకా అడ్డు చెప్పనిది.

"ఒట్టి తిత్తి" అన్నాను.

"గట్ల చెప్పు. మా తాత కొలిమికాడ ఉండె, గొర్రెతోలుది. గుడ్డ తే, నేను కుడత."

రోహిణి కార్తె, శుక్రవారం

పొద్దున గాలి: ఒక బారు.

గనిలో గాలిని మళ్లించడానికి కట్టే రబ్బరు పూత పరదా గుడ్డ తెచ్చాను. ఒక బారు గాలిని వదిలిపెడితే రెండింతలవుతుంది, కాబట్టి తిత్తి సిలిండర్‌కు రెండింతలు పట్టాలని గుడ్డ మీద సుద్దతో గీసి ఇచ్చాను. కొమురవ్వ గీతకు బెత్తెడు బయట కుట్టింది.

"గీత మీద కుట్టమన్న గదా."

"పిల్లకు గౌను కుడితే పెరిగెతందుకు జాగ ఉంచరా? నీ లైను మళ్ల ఎప్పుడు మారుతదో."

కుట్ల మీద జిగురు పూసి ఆరబెట్టాం. తిత్తి మూతి జానెడు వెడల్పు. దాన్ని వాల్వుకు ఆనించి, మూసే గాలి బయటికి వచ్చే రంధ్రానికి కట్టాను. తిత్తి రెండో కొస నుంచి సన్నని గొట్టం ఉయ్యాల దాకా వేశాను. తెరిచేటప్పుడు వచ్చే గాలి పాత గొట్టంలోనే పోతుంది. తలుపు మెల్లగా తెరుచుకుంటే ఎవరికీ నష్టం లేదు. రెండు గాలులకూ ఒకే రంధ్రమైతే ఇది కుదిరేది కాదు. తిత్తిలో చేరిన గాలి పాత గొట్టంలోకి, పాత గొట్టంలోది తిత్తిలోకి కలగాపులగమయ్యేది. ఆ వాల్వు ఎంచుకున్నందుకు ఈ రోజు నా భుజం నేనే తట్టుకున్నాను, ఎవరూ చూడకుండా.

తిత్తి వాలి గాలి గొట్టంలోకి పోవాలి కాబట్టి మీద ఒక బండ పెట్టాను. తలుపు మళ్లీ మందగించింది. బండ తీసి పలుచటి చెక్క పెట్టాను. తలుపు చప్పట్లా పడింది. చెక్క తిత్తితో పాటు లేచి, మెల్లగా దిగడం మొదలుపెట్టింది. వీధి చివర నుంచి కొమురవ్వ కేక వేసింది.

"వస్తందిరా. ఇంకా వస్తంది. మునుపు ఇంతసేపు రాకపోవు."

చూడటానికి వచ్చిన రాజలింగు వాల్వు దగ్గర వంగి అయిదో రంధ్రాన్ని వేలితో తడిమాడు.

"ముక్కుపుడక గాదు, ఇదే ముక్కు" అన్నాడు.

మృగశిర కార్తె, మొదటి రోజు

పొద్దున గాలి: ఒక బారు.

ఈశ్వరి బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి నోట్లో పెట్టింది. పైన వాన పడిందో లేదో కింద మాకు కనపడదు, కాని మృగశిర నాడు ఇంగువ బెల్లం తినకుండా ఉండం. మేడం మధ్యాహ్నం వస్తారు. వీధి శుభ్రం చేశారు. తాడు లాగడానికి మల్లేశు అనే పడుచువాణ్ణి సిద్ధం చేశారు, గట్టి ఛాతీ ఉన్నవాడు. నా పేరు పడకపోయినా ఫరవాలేదనుకున్నాను. తలుపు పడాలి.

జంక్షన్‌లో గాలిబరువు చూసే గాజుబుడ్డి ఉంది. గాలి తేలికైతే దాని ముక్కులో నీళ్లు పైకి లేస్తాయి. పొద్దున బాగానే ఉంది. భోజనాల వేళకు నేను అక్కడే గొట్టంలో చేరిన తడి తీస్తున్నాను. ముక్కులో నీళ్లు పొర్లి కింద పడ్డాయి. అంత జోరుగా ఎప్పుడూ చూడలేదు.

పరుగెత్తాను. సగం దారిలోనే వీధి నుంచి అరుపు వినపడింది.

"ల్యాంపుకు నీలిటోపీ వచ్చింది."

సేఫ్టీ ల్యాంపు మంట మీద నీలం రంగు టోపీలా లేచిందంటే గ్యాసు వచ్చేసినట్టు. తాడు వీధి పొడవునా ఉంటుంది, ఎవరైనా లాగవచ్చు. నేను మలుపు తిరిగేసరికి అది అప్పటికే లాగి ఉంది. లాగింది కొమురవ్వ. తిత్తి కుట్లు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి తలుపు దగ్గరికి వచ్చిందట.

రెండు చేతులతో తాడు పట్టుకుని, బుగ్గలు పొంగించి, తలుపు వైపే చూస్తోంది. తలుపు పరుగెడుతోంది. తిత్తి నూనెలో పూరీలా ఒక్కసారిగా ఉబ్బింది, చెక్క పైకి లేచింది. తలుపు చట్రం మీద పడింది. నేల అదిరింది.

ఆమె ఊపిరి వదల్లేదు.

"వదులు అవ్వా. పడ్డది."

చెయ్యి ఊపింది, ల్యాంపు చూడమని. ల్యాంపు తలుపు అంచుల వెంట తిప్పాను. పైన, పక్కన, కింద. మంట మీద నీలం సన్నబడింది, తగ్గింది, పోయింది. పసుపు మంట మిగిలింది. అప్పుడు వదిలింది.

"ఇంకా మస్తుండె" అంది, గోడకు ఆనుకుంటూ.

మేడం వచ్చేసరికి తలుపు మూసే ఉంది. తలుపు అవతలి ముల్లు చూసి గ్యాసు ఎంత ఉందో రాసుకున్నారు. రాసేటప్పుడు కలం ఒకసారి ఆగింది.

"ఎవరి ఊపిరి?"

"నాదే" అంది కొమురవ్వ.

"మీ వయసెంత అవ్వా?"

"ఎవరు లెక్కవెట్టిన్రు. మొండయ్య కన్న రెండు పండుగలు చిన్న."

మల్లేశు తల గోక్కున్నాడు. మేడం పుస్తకం తిప్పి చదివారు.

"ఆరోగ్యంగా ఉన్న పడుచు మనిషి ఊపిరిలో మూసుకోవాలి అని ఉంది. ముసలమ్మ ఊపిరిలోనే మూసుకున్న తలుపుకు ఇంకేం పరీక్ష పెట్టమంటారు?" అన్నారు.

కింద సంతకం చేశారు. నలభై ఇళ్లు ఎక్కడివి అక్కడే.

రంగుడబ్బా తెచ్చాను. కొమురవ్వ నా చేతిలోని కుంచె పట్టుకుని ఆపింది.

"ఆయన పేరు చెరపకు."

"చెరప. కింద రాస్త నీది."

"కిందెందుకు? ఆయన వీపుతోటి మూసిండు, నేను ఊపిరితోటి మూసిన. పక్కకు రాయ్."

పక్కనే రాశాను. అక్షరాలు ఎత్తు సరిపోయేలా రెండుసార్లు చూసుకున్నాను.

మృగశిర కార్తె, గురువారం

పొద్దున గాలి: ఒక బారు. లీకు లేదు.

వాయుగుండం దాటింది. గోఫ్ మళ్లీ ఊపిరి లోపలికి పీల్చుకుంటోంది. తలుపు తెరిచాం. ఐదో లెవెల్ నుంచి, తొమ్మిదో లెవెల్ నుంచి మనుషులు వచ్చి వాల్వు, తిత్తి, గొట్టం బొమ్మలు గీసుకుని పోయారు. గీతలు సరిగా ఉన్నాయో లేదో ఒకరి బొమ్మ నేనే దిద్దాను. తొమ్మిదోవాళ్లు నాలుగు రంధ్రాల వాల్వు కొన్నారట. మార్చమన్నాను. ఎందుకని అడిగితే వివరంగా చెప్పాను. ఇంత మాట్లాడటం ఈ ఏడాదిలో ఇదే మొదలని ఈశ్వరి అంది.

గంట వేళకు తాడు లాగి, తలుపు పడటం చూసి, కొమురవ్వ ఇంటికి నడిచాను. నేను చేరేసరికి గాలి ఇంకా వస్తూనే ఉంది. ఉయ్యాల పక్కన కూర్చుని గొట్టం కొసకు ముఖం పెట్టాను. ఇన్నేళ్లలో ఆ గాలిని నేను ఒక్కసారీ ముఖాన తీసుకోలేదు. తోలుకప్పుల ఆముదం వాసన సన్నగా వచ్చింది. చల్లగా ఉంది. నా సిలిండర్ విడిచిన గాలి, నా వాల్వులో నుంచి వచ్చిన గాలి.

"జరుగురా. పిల్లకు తగలనియ్యి" అంది కొమురవ్వ.

జరిగాను.